నాందేడ్ లంగర్: ఎంగిలి కంచాలు కడిగే చోటి నుంచి ఒక సమీక్ష

మహారాష్ట్ర సరిహద్దు తాలూకాలైన దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగువాళ్లకు నాందేడ్ అంటే కలెక్టరేట్, కోర్టు వాయిదా, పెద్దాసుపత్రి. పనిమీద పోయినవాళ్లు మధ్యాహ్నం సిక్కుల గుడి అయిన గురుద్వారాలో తిని రావడం ఇక్కడ మామూలు సంగతి. డబ్బులు అడగరు, ఊరు అడగరు, కులం ఊసే ఎత్తరు. లంగర్ అనే ఈ ఉచిత పంక్తి భోజనం గురించి తెలుగులో వచ్చే రాతలు మాత్రం చాలావరకు పప్పు రుచి దగ్గరా, ఎంత గొప్ప అన్నదానమో అన్న మెచ్చుకోలు దగ్గరా ఆగిపోతాయి. అన్నదానంగా చూస్తే లంగర్‌ను సగమే చూసినట్టు. కలిసి కూర్చుని తినడమే ధర్మమని దాదాపు అయిదు వందల ఏళ్లుగా పట్టుబట్టి నడుపుతున్న పని ఇది. మంచిచెడ్డలు చూడాలంటే ఆ లెక్కనే చూడాలి. ఊళ్లో భీమ్ జయంతికో, బసవ జయంతికో, క్రిస్మస్‌కో సహపంక్తి భోజనం పెట్టాలనుకునే సంఘాలకు పనికొచ్చేలా వివరాలు కూడా ఇస్తున్నాం.

ఏ ఉమ్మడి భోజనాన్నైనా నాలుగు ప్రశ్నలతో తూచవచ్చు. సరుకు ఎవరి ఇంటినుంచి వచ్చింది? వండింది ఎవరు? ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు? తిన్నాక ఎంగిలి కంచాలు కడిగింది ఎవరు? మొదటి మూడింటికీ మన ఊళ్లలో ఏదో ఒక జవాబు దొరుకుతుంది. నాలుగో దాని దగ్గర అందరూ నీళ్లు నములుతారు. నాందేడ్ లంగర్ గొప్పతనం ఆ నాలుగో ప్రశ్నలోనే ఉందని మా గట్టి అభిప్రాయం.

ముందు చోటు సంగతి. సిక్కుల అయిదు తఖ్తుల్లో (మత పీఠాల్లో) ఒకటైన సచ్‌ఖండ్ శ్రీ హజూర్ అబ్చల్‌నగర్ సాహిబ్ ఇక్కడే ఉంది. పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో గోదావరి ఒడ్డున ఈ ఊళ్లోనే తనువు చాలించారు. తన తర్వాత మనుషుల్లో గురువు ఉండడని, పవిత్ర గ్రంథమైన గ్రంథ్ సాహిబే గురువని చెప్పింది కూడా ఇక్కడే. ఇప్పుడున్న కట్టడం మహారాజా రంజిత్ సింగ్ కాలంలో, 1832 నుంచి 1837 మధ్య లేచింది. రైల్వే స్టేషన్ పేరే హజూర్ సాహిబ్ నాందేడ్. అక్కడ దిగి ఆటో ఎక్కితే కొద్ది నిమిషాల దూరం. దెగ్లూరు నుంచి బస్సులో నాయ్‌గావ్ మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. ధర్మాబాద్‌వాళ్లకు, కిన్వట్‌వాళ్లకు ముద్ఖేడ్ మీదుగా రైలు ఉంది.

లంగర్ రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి తఖ్తు ఆవరణలోది. రెండోది నదికి దగ్గరగా ఉన్న గురుద్వారా లంగర్ సాహిబ్. 20వ శతాబ్దం తొలి రోజుల్లో బాబా నిధాన్ సింగ్ నిలబెట్టిన సేవ అది. పొద్దుపోయి రైలు దిగినవాడికి కూడా అక్కడ అన్నం దొరుకుతుందని పేరు. మొదటిసారి పోయేవాళ్లు ఈ రెండోదానికి పోవడం మేలు. అక్కడ వంటా వడ్డనా కడగడమే ప్రధానమైన పని కాబట్టి మొత్తం పద్ధతి కళ్లకు కడుతుంది.

లోపలికి పోయేముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. చెప్పులు, మేజోళ్లు విప్పి జోడాఘర్‌లో ఇవ్వాలి. అక్కడ చెప్పులు అందుకుని టోకెన్ ఇచ్చేవాళ్లు కూలీలు కారు, సేవకు వచ్చినవాళ్లు. కాబట్టి చెప్పులు విసరకుండా చేతికివ్వాలి. కాళ్లు కడుక్కుని తలకు గుడ్డ చుట్టుకోవాలి. రుమాలు లేకపోతే గుమ్మం దగ్గర దొరుకుతుంది. మన సరిహద్దు తాలూకాలవాళ్లు మరిచిపోయేది ఒకటుంది: జేబులో తంబాకు పొట్లం, గుట్కా, బీడీ కట్ట. సిక్కులకు పొగాకు గట్టి నిషేధం. జేబులో ఉంచుకుని లోపలికి పోతే అది వాళ్ల మనసు నొప్పించడమే. బయట వదిలేసి పోవాలి. తాగి పోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

భోజనశాలలో నేలమీద పొడుగాటి పట్టాలు పరిచి ఉంటాయి. ముందొచ్చినవాడు ముందు, వెనకొచ్చినవాడు వెనక; వరుసకు అంతకు మించి లెక్క లేదు. స్టీలు కంచం, గ్లాసు, చెంచా చేతికొస్తాయి. బకెట్లతో పప్పు, కూర, అన్నం తెస్తారు, గంపలో రొట్టెలు తెస్తారు. రోజునుబట్టి ఖీర్ గానీ మరో తీపి గానీ ఉంటుంది. అంతా శాకాహారమే, ఎవరూ తిననని లేవాల్సిన పని లేకుండా అందరికీ సరిపడే కూడు అది. రొట్టెను మాత్రం కంచంలో వేయించుకోరు. రెండు అరచేతులూ కలిపి చాపితే అందులో వేస్తారు. ఒంటిచేత్తో అందుకోబోతే సేవాదార్ (సేవ చేసేవాడు) ఓపిగ్గా రెండో చెయ్యి వచ్చేదాకా ఆగుతాడు. కలెక్టరైనా, ఇటుకబట్టీ కూలీ అయినా చేతులు చాపాల్సిందే. ఇచ్చేవాడు కాస్త వంగాల్సిందే. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, దళితుడి చేతికి తగలకుండా పైనుంచి నీళ్లు పోసిన నేలమీద ఇది చిన్న సంగతి కాదు.

చాలనుకుంటే కంచం మీద చేతులు జోడిస్తే చాలు. ఎంతసేపైనా మారు వడ్డిస్తారు, కానీ వదిలేస్తే తప్పు పడతారు. అందుకే మొదటిసారి తక్కువ పెట్టించుకోవాలి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఆ సామెతకు ఇక్కడ చోటు లేదు. కడబంతి అనేదే లేదు, మనవాడూ లేడు. బంతిలో వలపక్షం లేకపోవడమన్న ఒక్క విషయంలో పదికి పది ఇవ్వొచ్చు.

రుచి గురించి రెండు మాటలు. పప్పు చిక్కగా, ఉల్లి, అల్లం రుచి తగిలేలా, కారం తక్కువగా ఉంటుంది. మన నాలుకకు చప్పగా అనిపించవచ్చు. పచ్చడి కావాలని చూసేవాళ్లు నిరాశపడతారు. పసిపిల్లల నుంచి పండు ముసలివాళ్ల వరకు అందరూ తినాల్సిన వంట అది. కారం తగ్గడమే న్యాయం.

ఇప్పుడు కడిగే చోటికి వద్దాం. లంగర్ చూడటానికి పోయేవాళ్లు తిన్న వెంటనే బయటపడకుండా తమ కంచం పట్టుకుని అక్కడిదాకా నడవాలి. మొదట మిగిలిన మెతుకులు ఒక తొట్టిలో దులుపుతారు. చెంచాలు ఒక డబ్బాలో, గ్లాసులు ఒక డబ్బాలో పడతాయి. కంచాలు వరుసగా తొట్లలోకి పోతాయి. ఒక తొట్టి దగ్గర సబ్బునీళ్లతో తోముతారు, తర్వాతి తొట్లలో ఒకదాని వెనక ఒకటిగా జాడిస్తారు. తొట్టికి రెండు వైపులా జనం నిలబడి ఉంటారు. ఖరీదైన చీరకట్టుకున్న ఆవిడ, పట్నం నుంచి వచ్చిన కుర్రాడు, లారీ డ్రైవరు, ముసలి రైతు మోచేతులదాకా నీళ్లలో పెట్టి ముక్కూ మొహం తెలియనివాళ్ల ఎంగిలి కడుగుతుంటారు. చోటు దొరక్క వెనక నిలబడి ఎదురుచూసేవాళ్లూ ఉంటారు.

మన సమాజంలో కులం పట్టంతా ఎంగిలి దగ్గరే ఉంది. పక్కన కూర్చుని తినడానికి ఒప్పుకున్నవాడు కూడా పక్కవాడి విస్తరి ఎత్తమంటే ముఖం తిప్పుకుంటాడు. పెళ్లిళ్లలో ఎంగిలాకులు ఎత్తే పని ఏ వాడవాళ్లదో ఊళ్లో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఆ పనిని గౌరవంగా మార్చి, అందరూ పోటీపడి చేసేలా చేయడం ఉపన్యాసాలతో అయ్యేది కాదు. లంగర్ దాన్ని ఒక తొట్టి, ఒక గుడ్డ, కాస్త సబ్బుతో చేసి చూపిస్తోంది. అందుకే ఈ సేవలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఈ చోటికే.

సిక్కు కానివాళ్లు కూడా సేవ చేయవచ్చు. ఎవరైనా సేవాదార్‌ను అడిగితే చాలు. హిందీ, పంజాబీ, మరాఠీ నడుస్తాయి. 1832 ప్రాంతంలో నిజాం కొలువుకు వచ్చిన లాహోరీ ఫౌజు (సిక్కు సైన్యం) వారసులైన దక్కనీ సిక్కుల్లో చాలామందికి తెలుగు కూడా వచ్చు కాబట్టి భాష పెద్ద అడ్డంకి కాదు. కొత్తవాళ్లకు కూరగాయలు తరగడం, వెల్లుల్లి ఒలవడం, రొట్టెలు ఒత్తడం, కంచాలు కడగడం లాంటివి ఇస్తారు. గుండిగల దగ్గరికి అలవాటున్నవాళ్లనే పంపుతారు. కాలిన గాయాలు ఎక్కువగా అయ్యేది అక్కడే గనక అది మంచి పద్ధతే. వంటలో ఉన్నంతసేపు రుచి చూడకూడదు. అర్దాస్ (ప్రార్థన) అయి, కిర్పాణ్ (సిక్కుల కత్తి) తాకించి భోగం పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోరు. కాబట్టి ఉప్పు చూసి వేయడం కుదరదు, కొలిచి వేయాలి. వంద మందికి వండేవాడు నేర్చుకోవాల్సిన మొదటి క్రమశిక్షణ అదే.

ఈ పద్ధతి పుట్టుక గురించి కొంత చెప్పకపోతే ఇది ఉత్త వంటింటి వర్ణన అయిపోతుంది. గురు నానక్ మొదలుపెట్టిన పంక్తి భోజనాన్ని రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ వంటింట్లో స్థిరపరిచింది. ఆమె వడ్డించిన నేతి ఖీర్ ప్రస్తావన గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. మూడో గురువు అమర్ దాస్ గోయింద్‌వాల్‌లో నియమం పెట్టారు: ముందు పంగత్, తర్వాతే సంగత్. అంటే గురువును చూడాలంటే మొదట అందరితో కలిసి నేలమీద కూర్చుని తినాలి. 1699లో ఖాల్సాకు, అంటే గురు గోవింద్ సింగ్ నిలబెట్టిన సిక్కు దీక్షా సమాజానికి, తొలి అయిదుగురుగా తలలిచ్చేందుకు లేచినవాళ్లలో ఒకరు మన పక్కనున్న బీదర్ మంగలి సాహిబ్ సింగ్, మరొకరు పూరీ జగన్నాథం నీళ్లు మోసే హిమ్మత్ సింగ్. గ్రంథ్ సాహిబ్‌లో ఉన్న నామ్‌దేవ్ పదాలు 61. ఆ దర్జీ సంతుది పక్క హింగోలి జిల్లాలోని నర్సి. నాందేడ్ గోదావరి ఒడ్డున బైరాగిగా ఉన్న మాధోదాస్‌ను గురు గోవింద్ సింగ్ కలిసింది 1708లోనే. బందా సింగ్ బహదూర్‌గా పంజాబ్‌కు పోయి జమీందారీని తీసేసి దున్నేవాడికి భూమి ఇచ్చింది ఆ మనిషే. పక్క బంతిలో కూర్చోబెట్టిన ధర్మం పొలం గట్టుదాకా పోయిందన్నమాట.

లంగర్ కట్టెల కోసమే ఒక గొప్ప అహింసా సత్యాగ్రహం జరిగిందని మన దగ్గర చాలామందికి తెలియదు. 1922 ఆగస్టులో అమృత్‌సర్ దగ్గర గురు కా బాగ్‌లో లంగర్ పొయ్యికి తుమ్మ కట్టెలు కొట్టినందుకు అయిదుగురు అకాలీలను (గురుద్వారాల సంస్కరణకు పోరాడిన సిక్కులను) అరెస్టు చేశారు. ఆ నేల తనదని అక్కడి గురుద్వారా మీద పెత్తనం చేసిన మహంతు ఫిర్యాదు. అప్పటినుంచి అకాలీలు జట్లు జట్లుగా అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్ దగ్గర చెయ్యెత్తబోమని ఒట్టు వేసి బయల్దేరేవాళ్లు. ఇనుప పొన్నులున్న లాఠీలతో పడిపోయేదాకా కొట్టినా తిరిగి ఒక్క దెబ్బ కొట్టలేదు. గాంధీజీ స్నేహితుడైన ఇంగ్లీషు పాదిరి సి.ఎఫ్. ఆండ్రూస్ సెప్టెంబరులో వచ్చి కళ్లారా చూసి లోకానికి చెప్పాడు. అరెస్టులు అయిదు వేలు దాటాయి. నవంబరులో లాహోర్ ఇంజనీరు సర్ గంగారాం ఆ నేలను కౌలుకు తీసుకుని కట్టెలు కొట్టుకోనివ్వడంతో అది ముగిసింది. శాంతి ఉద్యమమంటే కొవ్వొత్తుల ఊరేగింపు అనుకునేవాళ్లకు ఈ చరిత్ర చెప్పాలి.

రెండో ఉదాహరణ మన దక్షిణాదిది, ఊళ్లో పనిచేసేవాళ్లకు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువ. 1924 మార్చి 30న తిరువాన్కూరులోని వైకోంలో గుడి చుట్టూ ఉన్న దారుల్లో అంటరానివాళ్లను నడవనివ్వాలని సత్యాగ్రహం మొదలైంది. పంజాబ్ నుంచి అకాలీలు వచ్చి అక్కడ లంగర్ తెరిచారు. గాంధీజీ దాన్ని వద్దన్నారు. సత్యాగ్రహుల తిండి బరువు అక్కడి జనమే మోయాలని, బయటి అన్నం మీద ఆధారపడితే ఆత్మగౌరవం దెబ్బతింటుందని ఆయన వాదన. లంగర్ మూతపడింది. అంటరానితనం హిందువులే తేల్చుకోవాల్సిన సంగతన్నది ఆయన మరో మాట. దాన్ని పూర్తిగా ఒప్పుకోనవసరం లేదు. కులవివక్ష ఒక మతం ఇంటి సమస్య మాత్రమే కాదు. కానీ సరుకు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం సరైనదే. లంగర్ కూడా లోపల ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకునే నిలబడింది. సంపాదనలో పదో వంతు, దస్వంధ్, ఎవరికి వాళ్లు ఇచ్చేది. 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ పొలిమేరల్లోని సింఘు, టిక్రీ సరిహద్దుల్లో మూడు వ్యవసాయ చట్టాలు వద్దంటూ రైతులు కూర్చోగలిగారంటే పొయ్యి ఆరకపోవడం వల్లే. ఆ పొయ్యిలోకి పిండి, పాలు ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చాయి. 2021 నవంబరు 19న, గురు నానక్ జయంతి నాడు, ఆ మూడు చట్టాల రద్దు ప్రకటన వెలువడింది.

లంగర్‌కు పరిమితులు లేకపోలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లకు నేలమీద కూర్చోవడం కష్టం. అడిగితే సాయం చేస్తారు గానీ ముందే అడగాలి. చక్కెర జబ్బున్నవాళ్లు అన్నం, తీపి ముందే వద్దనాలి. దసరా, దీపావళి, హోలా రోజుల్లో జనం విపరీతం. ఆ రోజుల్లో పోతే తిని రావడమే గగనం, పద్ధతి గమనించడానికి వీలుండదు. ఏమీ లేని వారం నాడు పొద్దున పదకొండుకు పోవడం మంచిది. అసలు పరిమితి ఇంకొకటి. నాందేడ్‌లో ఎవరెవరి పక్కనో కూర్చుని కమ్మగా తిన్న మనిషి సాయంత్రం ఊరికి చేరి, చాయ్ హోటల్లో వేరే గ్లాసు పద్ధతి కనిపిస్తే నోరు మెదపడు. అక్కడ ఎవరికీ ఎవరూ తెలియకపోవడం లంగర్‌కు కలిసొచ్చే సంగతి. ఊళ్లో ప్రతివాడికీ ప్రతివాడి ఇంటిపేరు తెలుసు. పౌరహక్కుల రక్షణ చట్టం 1955 నుంచి, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉన్నా, కేసు పెట్టిన మర్నాడు ఆ ఊళ్లోనే బతకాలి. ఒక్కపూట పంక్తి భోజనం ఆ భయాన్ని తీసేయదు. ఏటా నాలుగుసార్లు, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి పెడితేనే దాని పని అది చేస్తుంది.

పలనాటి బ్రహ్మనాయుడి చాపకూడు, బసవకల్యాణంలో బసవన్న అనుచరులైన శరణుల దాసోహం (అందరికీ పెట్టే భోజనం) మనకు కొత్త కావు. కొరవడింది నిర్వహణ. వంద మందికి పెట్టే సహపంక్తికి లంగర్ పద్ధతి నుంచి తీసుకోదగ్గ కొలతలు ఇవి.

పప్పుకు శనగపప్పు, పొట్టు మినప్పప్పు కలిపి 6 కిలోలు. రాత్రే నానబెట్టాలి. బోరునీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో పప్పు ఉడకదు. తాగే నీళ్లే వాడాలి. 24 లీటర్ల నీళ్లతో మొదలుపెట్టి, మరుగుతుంటే వేన్నీళ్లే కలుపుతూ పోవాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. గుండిగ 50 లీటర్లది కావాలి, అడుగు మందంగా ఉండాలి. మొదటి పొంగు వచ్చాక మంట తగ్గించి, పొడుగాటి గరిటెతో అడుగు తగిలేలా అయిదు నిమిషాలకోసారి కలపాలి. అడుగంటిన వాసన ఒకసారి పట్టిందంటే ఆ గుండిగకు వైద్యం లేదు. గీకకుండా పైపప్పును వేరే గిన్నెలోకి వంచుకోవడమొక్కటే దారి. ఉప్పు 250 గ్రాములు ముందు వేసి, ఆఖరున చూసి మరో 50 దాకా కలపవచ్చు. ఉల్లి 2 కిలోలు, టమాటా 2 కిలోలు, అల్లం వెల్లుల్లి పావుకిలో చొప్పున, నూనె ముప్పావు లీటరు.

రొట్టెలకు మనిషికి నాలుగు చొప్పున గోధుమపిండి 15 కిలోలు, నీళ్లు 9 లీటర్లు. కలిపిన పిండి అరగంట తడిగుడ్డ కింద నానాలి. అయిదుగురు ఒత్తుతుంటే ఇద్దరు కాల్చాలి. వేడి రొట్టెలను మూతడబ్బాలో పేరిస్తే ఆవిరికి తడిసి ముద్దవుతాయి. గుడ్డ పరిచిన గంపలో పెట్టి పైన మరో గుడ్డ కప్పాలి. రొట్టెలతోపాటు అన్నం కూడా ఉంటే బియ్యం 5 కిలోలు చాలు. మనవాళ్లకు అన్నమే ముఖ్యమైతే బియ్యం 10 కిలోలు చేసి పిండి సగం తగ్గించాలి. పాయసానికి పాలు 15 లీటర్లు, బియ్యం కిలోంపావు, చక్కెర కిలోన్నర నుంచి రెండు.

వరుసకు మనిషికి రెండడుగులు లెక్కేసి, 25 మంది చొప్పున నాలుగు బంతులు. ఎదురెదురు బంతుల మధ్య నాలుగైదు అడుగులు వదిలితే బకెట్ పట్టుకుని మనిషి పోగలుగుతాడు. బంతికి ఇద్దరు వడ్డించేవాళ్లు, నీళ్లకు మొత్తం ఇద్దరు. మొదట నీళ్లు, తర్వాత పప్పు, కూర, ఆఖరున రొట్టె. రొట్టె ముందు వేస్తే పప్పు వచ్చేలోపు చల్లారుతుంది.

కొలతలకన్నా పాడుచేసేవి వేరే ఉన్నాయి. వంటను కాంట్రాక్టుకు ఇవ్వడం మొదటిది. క్యాటరింగ్‌వాడు వండితే వండింది ఎవరన్న ప్రశ్నే పోతుంది, దాంతో సహపంక్తి విందుగా మారుతుంది. వంటమనుషుల్లో దళితవాడ ఆడవాళ్లు లేకపోతే ఆ భోజనం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. రెండోది కుర్చీలు. సర్పంచికి, పోలీసు పటేలుకు, వచ్చిన నాయకుడికి కుర్చీ వేస్తే అక్కడితో బంతి విరిగిపోయింది. కుర్చీ వయసుకు, మోకాళ్లకు మాత్రమే. అదీ అదే బంతి చివర. మూడోది టిఫిన్ డబ్బాలు. పనుందంటూ డబ్బాలో కట్టించుకుని పోయేవాళ్లు చాలాసార్లు పక్కన కూర్చోవడం తప్పించుకునేవాళ్లే. మంచం పట్టినవాళ్లకు తప్ప డబ్బా కట్టేది లేదని ముందే చెప్పాలి. నాలుగోది మైకులో దాతల పేర్లు. లంగర్‌లో చందాకు రసీదు ఇస్తారు, పెద్ద చందాకు పెద్ద కంచం ఇవ్వరు. ఇంటికో శేరు బియ్యం, పిడికెడు పప్పు వసూలు చేసి అన్నీ ఒకే బస్తాలో కుమ్మరించడం మంచిది. ఎవరి బియ్యం ఎవరి కడుపులోకి పోయిందో విడదీయడానికి వీల్లేకుండా పోతుంది.

అన్నిటికంటే పెద్దది పేపరు ప్లేట్లు. శుభ్రంగా ఉంటుంది, తేలిక అనుకుని తెస్తారు. కడిగే పని పోయింది కదా అనుకుంటారు గానీ, ఆ ప్లేట్లన్నీ మర్నాడు ఎత్తేది మళ్లీ పంచాయతీ సఫాయి కార్మికులే. కులం చేతిలోంచి తీసిన పనిని తిరిగి అదే కులం చేతిలో పెట్టినట్టయింది. స్టీలు కంచాలు టెంట్‌హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. నాలుగు ప్లాస్టిక్ తొట్లు తీసుకుని, ఒక్కోదాంట్లో 60 లీటర్లు నింపాలి. మొదటిది మెతుకులు దులిపిన కంచాల సబ్బునీళ్లకు, తర్వాతి రెండు జాడించడానికి, ఆఖరుది వేన్నీళ్లకు. 50 కంచాలకోసారి జాడించే నీళ్లు మార్చాలి, లేకపోతే జిడ్డు మళ్లీ పడుతుంది. కడిగేవాళ్ల జాబితా ముందే రాసి పెట్టుకోవాలి. ఆ జాబితాలో మొదటి పేర్లు సంఘం అధ్యక్షుడిది, గుడి ధర్మకర్తది, పాస్టర్‌గారిది, టీచరుది అయ్యుండాలి. వాడ పిల్లలు ఉత్సాహంతో తొట్టి దగ్గరికి పరిగెత్తుకొస్తారు. వాళ్లను ప్రేమగానే వెనక్కి పంపి వడ్డనలో పెట్టాలి.

దీన్ని లంగర్ అని పిలవడం మానుకుంటే మంచిది. సిక్కులకు లంగర్ గ్రంథ్ సాహిబ్ సన్నిధితో, అర్దాస్‌తో ముడిపడినది. సహపంక్తి అంటే మన ఊరికి అర్థమవుతుంది.

నాందేడ్ పోయేవాళ్లు సరుకు ఇవ్వదలిస్తే వండినవి కాకుండా బస్తా గోధుమపిండి, పప్పు, నెయ్యి, చక్కెర లాంటివి లంగర్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు; డబ్బయితే గోలక్‌లో (హుండీలో) వేయవచ్చు. ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని ఊరి సంఘం తరఫున పోయేవాళ్లు ఒక పూట తినడానికి, ఒక పూట తొట్టి దగ్గర నిలబడటానికి కేటాయించుకుని పోవాలి. పాత బట్టలు వేసుకోండి, మోచేతులదాకా తడుస్తుంది. ఉంగరాలు, గడియారం బసలోనే వదిలేయండి.